కత్తెర పడిన ముడి

"కోసినవా అమ్మా?"

వైకుంఠం ముఖం మీది సబ్బునురగ తుడుచుకోకుండానే కుడి జబ్బ తడుముకున్నాడు. అక్కడ ఏమీ లేదు. రాత్రంతా బిగించి ఉన్న గుర్తుగా ఎర్రటి చార ఒక్కటే మిగిలింది.

నల్లా పక్కనే నిలబడి ఉంది సుందరమ్మ. ఒక చేతిలో కత్తెర, ఇంకో చేతిలో తడిసిన పచ్చ పట్టీ. పట్టీ నడుమ గుండ్రంగా కుట్టేసిన రూపాయి బిళ్ళ. ముడి విప్పుదామనే చూసింది పాపం. నీళ్ళకు బిగుసుకుపోయి రాలేదు. కొడుకు కళ్ళు మూసుకుని ముఖం రుద్దుకుంటుంటే కత్తెర తెచ్చి కసుక్కున తెగ్గోసింది.

"కోసిన. ఏం జేస్తవ్? కన్నతల్లికి కానరాకుంట అంగి కింద ఇమాం జామిన్ కట్టుకొని తిరుగుతవారా? ఎవలు కట్టిన్రు?"

"హలీమా ఖాలా."

"ఎప్పుడు?"

"నిన్న పొద్దుగాల."

నిన్న పొద్దున! అమ్మకు చెప్పింది నిన్న పొద్దుగూకినాక కదా! చెప్పడమంటే ఏం చెప్పడం? ఇనప పెట్టె ఒకటి తెచ్చి గుమ్మం పక్కన పెట్టి, "మిలిటరీల తీసుకున్నరమ్మా, ఎల్లుండి పొద్దుగాల బండి" అని గోడకు చెప్పినట్టు చెప్పాడు. సికింద్రాబాద్‌లో ఎత్తు కొలిచారట, ఛాతీ కొలిచారట, పరుగెత్తించారట. మద్రాసు దాటి నీలగిరి కొండల్లో ట్రైనింగు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. పెట్టె మాత్రం వచ్చేపోయే వాళ్ళ మోకాళ్ళకు తగులుతూ అక్కడే ఉంది.

కొడుకు చెప్పకపోవడం ఒక ఎత్తు. పక్కింటావిడకు ముందే తెలియడం ఇంకో ఎత్తు. ఈ రెండోదే సుందరమ్మకు గొంతులో ముల్లయింది.

"నౌకరీ కోసమైతే మీ సోమయ్య మామ బస్ డిపోల పెట్టిస్తనన్నడు గద!"

"క్లీనర్ పని."

"అయితే ఏంది? పొద్దుగూకితే ఇంటికొస్తవు. ఆడ సరిహద్దుల లడాయి లేస్తదంటున్నరు. చార్మినార్ కాడ రేడియో దుకాణం ముంగట మంది గుంపులు గుంపులుగ నిలబడి ఇంటున్నరు. నీకేమో గిప్పుడే పోవాల్నాయె!"

"లడాయి లేస్తెనే గదమ్మా తీసుకునేది."

"నవ్వకు. నవ్వితే పండ్లు రాలగొడత."

వాడు నవ్వలేదు. నీళ్ళు కుమ్మరించుకున్నాడు.

వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చున్న రాజన్న తన ఇత్తడి బాకాను చింతపండుతో రుద్దుతున్నాడు. సాయంత్రం బరాత్ ఉంది. ఈశ్వరయ్య బ్యాండులో ఆయన బాకా లేకపోతే పెండ్లికొడుకు గుర్రం కూడా కదలదని బార్కస్ బస్తీలో అందరూ అనేవారు. ఆయన వెనక మేకుకు ఎర్రకోటు వేలాడుతోంది. భుజాల మీద జరీ కుచ్చులు, ఇత్తడి గుండీలు.

"ఏమయ్యా, నోట్ల ఏం పెట్టుకున్నవ్? నీ కొడుకే గద! నువ్వు గూడ ఒకనాడు పల్టన్‌ల ఉన్నోడివే గద! ఏం సుఖమున్నదో చెప్పరాదు?"

రాజన్న బాకా మూతిలో వేలు పెట్టి తిప్పాడు.

నిజాం పల్టన్‌లో బ్యాండు వాయించినవాడాయన. పోలీసు యాక్షన్ తర్వాత ఆ పల్టన్ విప్పేశారు. డ్రెస్సు అప్పగించి, బాకా ఊదడం ఒక్కటే వెంట తెచ్చుకున్నాడు. ఆ పల్టన్ రోజుల గురించి ఆయన నోటి వెంట సుందరమ్మ ఒక్క మాట విన్నది లేదు. అడిగి అడిగి ఊరుకుంది.

"మూగోళ్ళతోని కాపురం చేస్తున్న నేను!" అంటూ చెప్పులైనా తొడుక్కోకుండా గోడ అవతలికి నడిచింది.

*

హలీమా బీ వాకిట్లో జామకాయలు ఏరుతోంది. పండినవి ఒక తట్టలో, దోరవి ఒక తట్టలో. రంజాన్ పండుగ వెళ్ళి వారం కాలేదు. కొత్త గాజులు ఇంకా చేతులకే ఉన్నాయి.

"ఆవో సుందరమ్మా, కూసో. మంచి జామకాయ తీసిన నీ కోసం."

"నీ జామకాయ నువ్వే తిను ఆపా! నా కొడుకును పల్టన్‌కు సాగనంపేటందుకు నువ్వెవరు?"

హలీమా బీ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"క్యా బోల్‌రే? నేను సాగనంపుడేంది? పోరడు ఒచ్చిండు. 'ఖాలా, పరదేశం పోతున్న, ఇమాం జామిన్ కట్టు' అన్నడు. అమ్మకు ఎరుకనా బేటా అని అడిగిన. 'అమ్మనే పంపింది' అన్నడు. మురిసి కట్టిన. రూపాయి గూడ నాదే!"

"అమ్మనే పంపిందన్నడా?"

"కసమ్, ఒట్టు."

సుందరమ్మ అరుగు మీద కూలబడింది. అబద్ధమాడాడు వెధవ. ఆడితే ఆడాడు గానీ, అమ్మ పేరు మీదే ఆడాడు. అమ్మ పంపిందని తనకు తానే చెప్పుకుని కట్టించుకున్నాడు. అది తలచుకుంటే కోపం రావాలో ఏడుపు రావాలో ఆమెకు తెలియలేదు.

అయినా దెబ్బలాటకు వచ్చిన మనిషి ఉత్తచేతులతో ఎలా పోతుంది?

"మీ మామ పల్టన్ మనిషని, ఊర్లె పోరగాండ్లందరు పల్టన్‌ల పోయి సావాల్నా?"

"మా మామ సావలే! ముసలోడై, జామతోట పెట్టి, మనుమరాండ్ల పెండ్లిళ్ళు చేసి పోయిండు. ఊకె మాట్లాడకు."

ఆ మాటకు ఇద్దరికీ కొంచెం నవ్వు వచ్చింది. వచ్చింది గానీ ఎవరూ బయటపడలేదు.

హలీమా బీ పుట్టిల్లు శాలిబండ. కోడలై బార్కస్‌కు వచ్చింది. అరబ్బు సిపాయిల సంతతి అయిన ఈ చావూష్‌ల ఇళ్ళలో ఇమాం జామిన్ కట్టుకోవడం అంత పట్టింపుగా ఉండేది కాదు. ఆమే పుట్టింటి నుంచి తెచ్చుకుంది ఆ అలవాటు. దూరం పోయేవాళ్ళ జబ్బకు రూపాయి కుట్టిన పట్టీ కడతారు. ఇమాం హామీగా నిలబడి మనిషిని దాటిస్తాడని నమ్మకం. క్షేమంగా చేరినాక విప్పి, ఆ రూపాయి ఎవరన్నా బీదవాడికి ఇచ్చెయ్యాలి. ఊళ్ళో అన్ని మతాల పిల్లలూ ఆమె ముందు చెయ్యి చాపినవాళ్ళే.

"మా మామ సముందర్ దాటి ఒచ్చిండు అరబ్బు దేశంకెంచి," అంది హలీమా బీ కాయలు ఏరుతూనే. "గంత దూరం ఎందుకొచ్చినవ్ మామా అని ఓసారి అడిగిన. నిజాం మీద ప్రేమనా, కత్తి మీద మోజా? ఏమన్నడు ఎరుకేనా? 'ఏడుగురం అన్నదమ్ములం బిడ్డా, ఒంటె ఒక్కటే' అన్నడు."

"గంతేనా?"

"గంతే. రాజు గాదు, జెండా గాదు. ఒంటె ఒక్కటే." ఆమె తలెత్తింది. "నీ కొడుకు ఎందుకు పోతుండు? అడిగినవా?"

"నౌకరీ అంటడు."

"మొగపిల్లలు మొదాలు చెప్పేది ఉత్తది. రెండోసారి అడుగు." అంటూ సుందరమ్మ గుప్పిట వంక చూసింది. "ఏంది గది చేతుల?"

సుందరమ్మ గుప్పిట విప్పింది.

తెగిన పట్టీ చూడగానే హలీమా బీ జామకాయ తట్ట పక్కకు నెట్టి, రెండు చేతులూ చెంపల మీద పెట్టుకుంది.

"యా అల్లా! తెగిందా? ఇంక గడప దాటనే లేదు పోరడు! ఇప్పుడు కాదు సుందరమ్మా విప్పేది, చేరినంక! ఎవలు కోసిన్రు?"

"నేనే."

"కన్నతల్లివి!"

అంతవరకు సుందరమ్మకు అది తట్టనే లేదు. ముడి తీసేస్తే ప్రయాణం ఆగుతుందనుకుంది. పట్టీ పోయినా పెట్టె గుమ్మం దగ్గరే ఉంది. బండి రేపు పొద్దున ఉండనే ఉంది. వాడి జబ్బ మీద ఉన్న ఒకే ఒక్క కాపుదలను తన చేత్తో, అదీ కత్తెరతో, తీసేసింది.

"ఆపా, మళ్ళ కట్టు. నీ కాళ్ళు మొక్కుత. వాన్ని పంపిస్త, ఇప్పుడే కట్టు."

"నక్కో. నేను కట్ట." హలీమా బీ కోపంగా అనలేదు. మెల్లగానే అంది. "నా చెయ్యి కట్టింది, నీ చెయ్యి కోసింది. ఇగ నీ చెయ్యే కట్టాలె. రూపాయి కింద పడలేదు గద? రెండు ముక్కలు కలిపి కుట్టు. నువ్వే కట్టు."

"నేను కడితే... నేనే పొమ్మన్నట్టు గద!"

హలీమా బీ మంచి జామకాయ ఒకటి తీసి ఆమె ఒళ్ళో పెట్టింది.

*

మధ్యాహ్నం ఎవరూ సరిగ్గా తినలేదు. వైకుంఠం పళ్ళెంలో చెయ్యి కడిగేసుకుని చెప్పుల దుకాణానికని పోయాడు. సుందరమ్మ సూదిలో దారం ఎక్కించడానికి అవస్థ పడి, చివరికి ఎక్కించి, తెగిన పట్టీ అతికించి కుట్టింది. కుట్లు లావుగా వచ్చాయి. గాయానికి వేసినట్టున్నాయి. విప్పి మళ్ళీ కుట్టింది.

కుడుతున్నంతసేపూ ఒకటే లెక్క తేలలేదు ఆమెకు. కట్టకపోతే వాడు ఆగుతాడా? ఆగడు. కడితే వాడికి అడ్డుపడడానికి తనకు నోరుంటుందా? ఉండదు. అలాంటప్పుడు ఈ పట్టీ పాపం ఏం చేస్తుంది? ఏం చేయకపోయినా సరే, ఉత్త జబ్బతో మాత్రం కొడుకును పంపలేదు.

ఎండ గోడెక్కే వేళకు వాడు తిరిగొచ్చాడు. రాజన్న లోపల గదిలో ఎర్రకోటు తొడుక్కుంటున్నాడు. ఇత్తడి గుండీల చప్పుడు వినిపిస్తోంది.

"ఇట్ల రా," అంది సుందరమ్మ. "చెయ్యి చాపు."

వాడు తల్లి చేతిలో పట్టీ చూశాడు. నమ్మలేనట్టు ఆమె ముఖం చూశాడు. అంగి చెయ్యి పైకి మడిచి ఆమె ముందు కూర్చున్నాడు.

"కడత. కడత గని, నిజం చెప్పినంకనే కడత. ఎందుకు పోతున్నవ్?"

"చెప్పిన గదమ్మా. నౌకరీ. పరీక్షల సాలు ప్రత్యేక రాష్ట్రం లొల్లిల పోయె..."

"గది మిలిటరీ ఆఫీసుల చెప్పినవ్. నాకు చెప్పు."

వాడు నేల మీద వేలితో గీతలు గీశాడు. తల్లి వాడి జబ్బ వదల్లేదు.

"లాడ్ బజార్‌ల విశ్వేశ్వర్ సేటు ఇంట్ల పెండ్లి అయింది, యాదికున్నదా? బాపుకు నేను అన్నం డబ్బా తీసుకపోయిన."

"ఆఁ."

"సేటు అల్లుడు చేతికట్టెతోని బాపు టోపీ ఎగరగొట్టిండు. ఆడోళ్ళు, పోరగాండ్లు, అందరు సూస్తుండంగ. 'కర్నల్ సాబ్, సెల్యూట్ మారో' అన్నడు."

సుందరమ్మ వాడి దగ్గరికి జరిగింది.

"బాపు టోపీ ఏరుకున్నడు. నెత్తిన పెట్టుకున్నడు. సెల్యూట్ కొట్టిండు. కొడితే కొట్టిండమ్మా, నవ్వుకుంట కొట్టిండు! అందరు నవ్విన్రు. బాపు గూడ నవ్విండు. నాకు గదే పడలె. డబ్బా ఆడనే పెట్టి ఉరికొచ్చిన."

అవును, ఆ రోజు నుంచే వాడు బాకా ముట్టడం మానేశాడు. అంతకుముందు తండ్రి వెంట బరాత్‌లకు పోయి బాకా మోసేవాడు, తుడిచేవాడు, దొంగచాటుగా ఊదేవాడు. ఎందుకు మానేశాడని అడిగితే చదువుకోవాలన్నాడు. అదే నిజమనుకుంది.

"గంతకేనారా?"

"గంతకే. బాపుది కిరాయి డ్రెస్సు. ఒంటి మీద అసలు డ్రెస్సు ఉంటే టోపీ ఎవడు ఎగరగొడతడు? నేను గా డ్రెస్సు ఏసుకొని, బాపును ఎంటవెట్టుకొని, లాడ్ బజార్‌ల నడుస్త. ఆ సేటు దుకాణం ముంగటనే నడుస్త. సూస్త ఎవడు నవ్వుతడో!"

లోపల గుండీల చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది. ఇద్దరూ గమనించలేదు.

రాజన్న గడపలో నిలబడి ఉన్నాడు. సగం గుండీలు పెట్టుకున్న ఎర్రకోటు, చేతిలో టోపీ. కొడుకు ముఖం వంక చూడలేదు. వాడి కాళ్ళ వంక చూశాడు. వాడు కొత్త బూట్లు తొడుక్కుని ఉన్నాడు, చెప్పుల దుకాణంలో ఇవ్వాళే కొన్నవి.

"నేను గూడ బూట్ల కోసమే పోయిన," అన్నాడు.

వైకుంఠం కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"అందరు తిండికి పోయిండనుకుంటరు. తిండికి గాదు. మా ఊర్లె దొర గడి ముంగట మేం చెప్పులు ఏసుకొని నడువద్దు. చేత పట్టుకొని నడవాలె. మా బాపు గట్లనే నడిచిండు, మా తాత గట్లనే నడిచిండు. పల్టన్‌ల బూట్లిస్తరని ఎవడో చెప్పిండు. సర్కారు బూట్లు ఏసుకున్నోన్ని దొర గూడ ఏమనడని చెప్పిండు. గదొక్కటే ఇన్న. ఉరికిన."

"నాకెన్నడు చెప్పలేదు," అంది సుందరమ్మ.

"చుట్టీ మీద ఊరికి పోయిన. డ్రెస్సు తీయలె, బూట్లు విప్పలె. గడి ముంగటికెంచి ఈ మూల నుంచి ఆ మూల దాక నడిచిన. టకటక టకటక. దొర అరుగు మీద కూసోని చూసిండు. కిక్కురుమనలె. మా అవ్వ తలుపు చాటుకెంచి చూసి ఏడ్చింది, ఖుషీతోని."

వైకుంఠం తలెత్తాడు. వాడి కళ్ళల్లో వెలుగు. వాడికి కావలసిన కథ అదే.

"మరి గట్లనే గద బాపు! నేను గూడ..."

"ఆగు. ఇను." రాజన్న టోపీని అటూ ఇటూ తిప్పాడు. "చుట్టీ అయిపోయి నేనొచ్చిన. నేనొచ్చిన తెల్లారి దొర మా బాపును గడికి పిలిపిచ్చిండు. నేను ఎక్కడెక్కడ బూటు పెట్టిననో, గాడగాడ మా బాపుతోని ముక్కు నేలకు రాయిచ్చిండు. ఈ మూల నుంచి ఆ మూల దాక."

సుందరమ్మ చేతిలో పట్టీ నలిగింది. మామ ముక్కు మీది మచ్చ ఆమెకు బాగా తెలుసు. పెండ్లయి వచ్చిన కొత్తలో అడిగితే, ఎద్దు పొడిచిందమ్మా అన్నాడు ముసలాయన. నవ్వుతూ అన్నాడు. అచ్చం రాజన్న నవ్వినట్టే.

"నాకు గూడ ఎద్దు అనే చెప్పిండు. మళ్ళ పోయినప్పుడు ఊరోళ్ళు చెప్పిన్రు. ఇగ అప్పటిసంది ఎవడు సెల్యూట్ కొట్టమన్నా కొడత. నవ్వుకుంట కొడత. నేను నవ్వితే గా దెబ్బ నా ఎనకున్నోళ్ళ మీద పడది."

"ఇప్పుడు దొరలు లేరు గద బాపు!"

"లేరు. విశ్వేశ్వర్ సేటు దొర గాదు, వాని అల్లుడు ఉత్త తాగుబోతు. నాకెరుకనే." ఆయన చివరి గుండీ పెట్టుకున్నాడు. "పో కొడుక. నిన్నెవరు ఆపుతలేరు. నౌకరీ కోసం పో, నీ మనసుకు మంచిగనిపిస్తె పో. నా టోపీ కోసం మాత్రం పోకు. గా బరువు నా నెత్తిన పెట్టకు."

గల్లీలోంచి ఈశ్వరయ్య కేక వినిపించింది.

"ఓ కర్నల్ సాబ్! గుర్రం ఒచ్చింది, బహదూర్‌పురా దాక నడవాలె! తయారయినవా లేకుంటె పౌడర్ రాసుకుంటున్నవా?"

"ఒస్తున్న, ఒస్తున్న!" రాజన్న టోపీ పెట్టుకుని, నవ్వు కూడా పెట్టుకుని, ఇనప పెట్టె పక్క నుంచి ఒదిగి బయటికి పోయాడు.

*

తల్లీకొడుకులు అలాగే కూర్చుండిపోయారు. వాడి చెయ్యి ఇంకా ఆమె ముందు చాపే ఉంది. చాపి ఉంది గానీ, ఇందాకటి బిగువు దాంట్లో లేదు.

పొద్దుటి నుంచి ఆమె కోరుకున్నది ఇదే. వాడి మనసు మళ్ళాలనే. ఇప్పుడు మళ్ళితే మళ్ళేటట్టే ఉంది. ఒక్క మాట చాలు. ఉండిపోరా బిడ్డా అంటే చాలు, ఉండిపోతాడు.

ఆ ఒక్క మాట ఆమె నోటికి రాలేదు. డిపోలో బస్సులు కడుగుతూ, ఎవడో జోకు వేస్తే నవ్వుతూ సెల్యూట్ కొడుతున్న కొడుకు ఎందుకో కళ్ళ ముందు కదిలాడు. మామ ముక్కు, మొగుని టోపీ, ఇప్పుడు వీడు.

"కట్టాల్నా?" అంది.

వాడి చూపు గుమ్మం అవతల, వాకిట్లో గోడ దగ్గర ఆగింది.

గోడకు ఆనించి, చింతపండుతో తళతళా తోమిన బాకా అక్కడే ఉంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ మరవని మనిషి మరిచిపోయి పోయాడు.

వైకుంఠం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లేచి వెళ్ళి, ఆ పెండ్లి నాటి నుంచి ముట్టని బాకాను రెండు చేతులతో ఎత్తుకున్నాడు. కొత్త బూట్లు అక్కడే విప్పేశాడు. ఉత్తకాళ్ళతో గల్లీలోకి పరుగెత్తాడు.

"ఒరే వైకుంఠం! చెయ్యి..."

గోడ అవతలి నుంచి హలీమా బీ తల కనబడింది.

"కట్టినవా సుందరమ్మా?"

ఒక పక్క బూట్లు, ఒక పక్క పెట్టె, నడుమ పట్టీ పట్టుకుని సుందరమ్మ నిలబడింది. చెవులు గల్లీ చివరికి పెట్టింది. అక్కడ డోలు మొదలైంది. తాషా అందుకుంది. సన్నాయి కూడా కలిసింది.

బాకా మోత మాత్రం ఇంకా లేవలేదు.